అనుమతించాలా, ఆపాలా? ఇంటి కంప్యూటరులో చొరబాటు నిరోధం

ఇంట్లోని కంప్యూటరులోకి యజమానికి తెలియకుండా ప్రవేశించి, అందులోని సమాచారాన్ని దొంగిలించడానికో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడగడానికో, ఆ కంప్యూటరునే ఇతరుల మీద దాడికి వాడుకోవడానికో రాసిన ప్రోగ్రాములన్నిటికీ ఉమ్మడిగా మాల్‌వేర్ అని పేరు. వైరస్, వర్మ్, ట్రోజన్, రాన్సమ్‌వేర్ అని వార్తల్లో వినిపించేవన్నీ ఇందులోని రకాలే. వీటిని ఎదుర్కోవడానికి యాంటీవైరస్ ఒకటి వేయిస్తే చాలునన్న నమ్మకం చాలా ఇళ్లలో స్థిరపడి ఉన్నా, రెండు దశాబ్దాలుగా దాని పక్కనే మరొక రకం రక్షణ పెరుగుతూ వచ్చింది. ఒక ప్రోగ్రాము ఎవరిదో, దాని పేరేమిటో ఆరా తీయడం కంటే అది ఆ క్షణంలో ఏ పని తలపెట్టిందో గమనించి, హాని కలిగించేదిగా తోస్తే ఆ పని పూర్తి కాకముందే ఆపివేయడం దీని పద్ధతి. దీనిని చొరబాటు నిరోధక సాఫ్ట్‌వేర్ అంటారు; ఒకే కంప్యూటరులో ఉండి ఆ ఒక్కదానినే కాచే రకాన్ని నిపుణులు క్లుప్తంగా హిప్స్ అని పిలుస్తారు. ఇది ఎంత శక్తిమంతమైనదో అంత ఇబ్బంది పెట్టేది కూడా, ఎందుకంటే ఒక పని మంచిదో చెడ్డదో తనంతట తాను తేల్చుకోలేనప్పుడు ఇది ఇంట్లోని మనిషి వైపు తిరిగి, అనుమతించాలా, ఆపాలా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల స్థితిలో ఇంటివారు ఉన్నారా లేదా అన్నదాని మీదనే ఈ రక్షణ విలువ చాలావరకు ఆధారపడి ఉంటుంది.

యాంటీవైరస్ మొదటి పద్ధతి పోలిక చూడడం. ఒక మాల్‌వేర్ ఎక్కడో పట్టుబడినప్పుడు దాని కోడ్‌లోని ప్రత్యేకమైన భాగాన్ని గుర్తుగా తీసుకొని, అలాంటి గుర్తులను లక్షల సంఖ్యలో పట్టికకు ఎక్కించి, కంప్యూటరులోకి వచ్చే ప్రతి ఫైలునూ ఆ పట్టికతో సరిపోల్చుతారు. ఆ గుర్తునే సిగ్నేచర్ అంటారు. తిరునాళ్లలో జేబుదొంగల కోసం పాత నేరస్థుల ఫోటోలు చేతబట్టుకొని నిలబడే పోలీసు ఒకడైతే, ముఖాల జోలికి పోకుండా ఎవరి చెయ్యి ఎవరి జేబులోకి పోతున్నదో మాత్రమే కనిపెట్టే మఫ్టీ పోలీసు మరొకడు. ఆ పనిలోకి నిన్ననే దిగిన దొంగ మొదటివాడికి దొరకడు; తమ్ముడి జేబులోంచి బస్సు టికెట్టు తీసుకుంటున్న పెద్దమనిషిని రెండవవాడు పొరపాటున పట్టుకోవచ్చు. ఈ రెండు లోపాలూ ఆయా పద్ధతుల స్వభావంలోనే ఉన్నాయి. కంప్యూటర్ వైరస్ అన్న భావనను శాస్త్రీయంగా చర్చించిన తొలి పరిశోధకులలో ఒకరైన ఫ్రెడ్ కోహెన్, ఇచ్చిన ప్రోగ్రాము వైరస్ అవునో కాదో అన్ని సందర్భాలలోనూ తప్పు లేకుండా తేల్చే విధానమేదీ సాధ్యం కాదని 1980ల నడుమనే తర్కబద్ధంగా నిరూపించారు. అందువల్ల నూటికి నూరు పాళ్ల రక్షణ ఇస్తామనే ప్రకటన ఏ అట్టపెట్టె మీద కనిపించినా అది గణితశాస్త్రానికి విరుద్ధమైన మాట అనే గ్రహించాలి.

ప్రవర్తనను బట్టి చొరబాటును పసిగట్టవచ్చునన్న ఆలోచన యాంటీవైరస్ వ్యాపారం కంటే పాతది. కంప్యూటరులో ఎవరెవరు ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో నమోదయ్యే చిట్టాలను పరిశీలించి అసహజమైన వాడకాన్ని గుర్తించవచ్చునని జేమ్స్ ఆండర్సన్ 1980లో ఒక నివేదికలో సూచించగా, డొరొతీ డెన్నింగ్ 1987లో ప్రచురించిన పరిశోధనా పత్రం ఆ సూచనకు ఒక క్రమబద్ధమైన నమూనాను ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది నవంబరు 2న అమెరికాలో విడుదలైన మోరిస్ వర్మ్ వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసి, ఈ చర్చ పుస్తకాలలో ఉండిపోయే విషయం కాదని చాటింది. తరువాత న్యూ మెక్సికో విశ్వవిద్యాలయానికి చెందిన స్టెఫనీ ఫారెస్ట్, ఆమె సహచరులు మన శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ తనదేదో, పరాయిదేదో వేరుపరచే తీరును ఆదర్శంగా తీసుకొని, ఒక ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే సేవల వరుసక్రమమే ఆ ప్రోగ్రాము సహజ స్వభావాన్ని తెలుపుతుందని, ఆ వరుస చెదిరినప్పుడు అనుమానించవచ్చునని 1996లో చూపించారు. ఇవాళ ఇళ్లలో నడుస్తున్న రక్షణ సాఫ్ట్‌వేర్లలో ప్రవర్తనను చూసే భాగానికి మేధోపరమైన పునాది ఈ పరిశోధనల్లోనే ఉందనడం అతిశయోక్తి కాదు.

అయితే ఇవన్నీ గుర్తించడం గురించిన ఆలోచనలు. గుర్తించడానికీ, నిరోధించడానికీ తేడా చాలా ఉంది: మొదటిది జరిగినదాని గురించి హెచ్చరిక పంపితే, రెండవది జరగబోయేదానిని మధ్యలో నిలబడి అడ్డుకుంటుంది. ఆ రెండవ మెట్టు ఎక్కడానికి సామాన్యుల కంప్యూటర్లకు తగిలిన దెబ్బలే తొందరపెట్టాయి. 2003 ఆగస్టులో వ్యాపించిన బ్లాస్టర్ వర్మ్ ఏ మెయిల్ తెరవకపోయినా, ఏ ఫైలు నొక్కకపోయినా, కేవలం ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్నంత మాత్రాన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లలోకి ప్రవేశించేది. ఆ రోజుల్లో చాలామంది తెర మీద, అరవై సెకన్లలో కంప్యూటరు ఆగిపోతుందని లెక్కపెడుతూ ప్రత్యక్షమైన చిన్న పెట్టెను నిస్సహాయంగా చూశారు. ఆ లోపాన్ని సరిదిద్దే ప్యాచ్ అప్పటికి దాదాపు నెలరోజుల ముందే విడుదలై ఉంది, కానీ వేసుకున్నవారు తక్కువ. మరుసటి ఏడాది ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ కోసం విడుదల చేసిన రెండవ సర్వీస్ ప్యాక్, నెట్‌వర్క్ రాకపోకలను వడపోసే ఫైర్‌వాల్‌ను దానంతటదే పనిచేసేలా మార్చడంతోపాటు, సమాచారం కోసం కేటాయించిన మెమరీ భాగంలో ప్రోగ్రాములు నడవకుండా అడ్డుకునే ఏర్పాటును కూడా తెచ్చింది. అప్పటికే 2003లో సిస్కో సంస్థ ఒకెనాను, నెట్‌వర్క్ అసోసియేట్స్ సంస్థ ఎంటర్‌సెప్ట్‌ను కొనుగోలు చేసి కార్యాలయాల కంప్యూటర్లకు చొరబాటు నిరోధాన్ని అందించాయి. 2007లో కొమోడో తన ఉచిత ఫైర్‌వాల్‌లో డిఫెన్స్ ప్లస్ అనే భాగాన్ని చేర్చడంతో అదే శక్తి ఖర్చు లేకుండా ఇంటి కంప్యూటరుకూ చేరింది.

ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కడ నిలబడి చూస్తుందో తెలిస్తే దాని బలం అర్థమవుతుంది. కంప్యూటరులో ఏ ప్రోగ్రాము కూడా డిస్కు మీద నేరుగా రాయలేదు, మరొక ప్రోగ్రామును సొంతంగా మొదలుపెట్టలేదు. ప్రతి పనికీ ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున ఉండే కర్నెల్ అనే భాగాన్ని అడగాలి, ఆ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. చొరబాటు నిరోధక సాఫ్ట్‌వేర్ తనలో కొంత భాగాన్ని డ్రైవరు, అంటే సిస్టమ్ లోలోపల నడిచే సహాయక ప్రోగ్రాము, రూపంలో కర్నెల్ పక్కనే ఉంచి, ఈ అభ్యర్థనలలో ప్రమాదకరమైనవాటిని ముందుగా తాను చదివి, నియమాలకు సరిపోతే వదులుతుంది, లేకపోతే ఆపుతుంది. తొలినాళ్ల సాఫ్ట్‌వేర్లు ఇందుకోసం కర్నెల్‌లోని చిరునామాల పట్టికనే మార్చివేసేవి. మాల్‌వేర్ కూడా అదే పట్టికను మార్చి దాక్కోవడం మొదలుపెట్టడంతో, 64 బిట్ల విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఆ మార్పులను నిషేధించి, రక్షణ సాఫ్ట్‌వేర్లు సక్రమంగా వినడానికి అధికారిక మార్గాలను ఏర్పరచింది. ఒక కొత్త ప్రోగ్రాము మొదలవడం, ఒక ప్రోగ్రాము మరొకదాని మెమరీలోకి తన కోడ్‌ను చొప్పించడం, కంప్యూటరు ఆన్ అయినప్పుడల్లా తానూ లేచేలా రిజిస్ట్రీలో పేరు రాసుకోవడం, కొత్త డ్రైవరును ఎక్కించడం, కీబోర్డు మీద నొక్కే ప్రతి మీటనూ వినడానికి ప్రయత్నించడం, పదుల కొద్దీ ఫైళ్లను కొన్ని క్షణాలలో తిరగరాయడం అనేవి ఇది ముఖ్యంగా కనిపెట్టే పనులు. రిజిస్ట్రీ అంటే విండోస్ తన అమరికలన్నీ రాసిపెట్టుకునే భాండాగారం.

ఒక దాడిని దగ్గరగా చూస్తే ఈ కనిపెట్టడం ఎలా పనికివస్తుందో తెలుస్తుంది. కొరియర్ రసీదు అన్న పేరుతో వచ్చిన వర్డ్ ఫైలును ఒకరు తెరిచి, పైన పసుపుపచ్చ పట్టీలో కనిపించే అనుమతి మీటను నొక్కారనుకుంటే, ఆ ఫైలులో దాగి ఉన్న మాక్రో, అంటే డాక్యుమెంటులోనే ఇమిడి ఉండే చిన్న ప్రోగ్రాము, విండోస్‌తోపాటే వచ్చే పవర్‌షెల్ అనే ఆదేశాల సాధనాన్ని మొదలుపెడుతుంది. పవర్‌షెల్ ఒక వెబ్ చిరునామా నుంచి అసలు మాల్‌వేర్‌ను తెస్తుంది. ఆ మాల్‌వేర్ రిజిస్ట్రీలో తన పేరు రాసుకొని, ఆ తరువాత విండోస్ తనంతట తాను దాచిపెట్టుకున్న పాత ప్రతులను తుడిచివేయమని మరొక సాధనాన్ని ఆదేశిస్తుంది, ఎందుకంటే ఆ ప్రతులు మిగిలి ఉంటే బాధితుడు డబ్బు కట్టకుండానే ఫైళ్లను తిరిగి పొందగలడు. చిట్టచివరికి పెళ్లి ఫోటోల నుంచి భూమి పత్రాల స్కాన్‌ల వరకు ఒక్కొక్క ఫైలునూ తెరిచి, గూఢలిపిలోకి మార్చి, పేరు చివర కొత్త తోక తగిలిస్తుంది. ఈ గొలుసులో మాల్‌వేర్ ఫైలు మాత్రమే కొత్తది, దాని సిగ్నేచర్ ఏ పట్టికలోనూ ఉండకపోవచ్చు. వర్డ్, పవర్‌షెల్, పాత ప్రతులను తుడిచే సాధనం మూడూ మైక్రోసాఫ్ట్ సంతకంతో వచ్చిన నమ్మకమైన ప్రోగ్రాములే. కానీ వర్డ్ పవర్‌షెల్‌ను పిలవడం అన్న పని ఇంటి అవసరాలలో దాదాపు ఎప్పుడూ ఉండదు. ఆఫీసు ప్రోగ్రాములు ఇతర ప్రోగ్రాములను పుట్టించకూడదన్న ఒక్క నియమం ఉంటే గొలుసు మొదటి లంకె దగ్గరే తెగిపోతుంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన డాక్యుమెంట్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి మామూలుగానే ఆపివేస్తున్నా, దాడి చేసేవారు జిప్ ఫైళ్లలో దాచిన షార్ట్‌కట్‌ల వైపు మళ్లారు గనుక ఇలాంటి నియమాల అవసరం తగ్గలేదు.

చిక్కు వచ్చేది నియమానికి లొంగని పనుల దగ్గర. తెలుగు టైపింగుకు వాడే కొన్ని పాతతరం సాఫ్ట్‌వేర్లు కీబోర్డు మీద నొక్కిన ప్రతి మీటనూ దారిలోనే పట్టుకొని, దానిని తెలుగు అక్షరంగా మార్చి, ముందున్న ప్రోగ్రాముకు అందిస్తాయి. పాస్‌వర్డులు దొంగిలించే కీలాగర్ చేసే మొదటి పని కూడా సరిగ్గా ఇదే. తేడా అంతా పట్టుకున్న మీటలను తరువాత ఏం చేస్తారన్న దగ్గర ఉంది. ప్రవర్తనను మాత్రమే చూసే సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండింటినీ వేరు చేయడం కష్టం కాబట్టి, అది తెర మీద ఒక పెట్టె తెరిచి, ఫలానా ప్రోగ్రాము కీబోర్డును నేరుగా వినడానికి ప్రయత్నిస్తున్నదని ఇంగ్లీషులో తెలిపి, అనుమతించాలా, ఆపాలా అని అడుగుతుంది. ఆపితే తెలుగు రాదు. ఇలాంటి అనుభవం రెండుమూడు సార్లు ఎదురైన మనిషి ఆ తరువాత వచ్చే ప్రతి పెట్టెలోనూ అనుమతించే మీటనే వెతుక్కుంటాడు, అలా నొక్కినందుకు అతనిని తప్పుపట్టడం న్యాయం కాదు. ప్రశ్న అర్థం కాని భాషలో, పని మధ్యలో, కొన్ని సెకన్ల గడువుతో అడిగినప్పుడు ఎవరైనా చేసేది అదే.

దీని వెనక ఒక లెక్క కూడా ఉంది. స్వీడన్ పరిశోధకుడు స్టెఫాన్ ఆక్సెల్సన్ చొరబాటు గుర్తింపులో ఎదురయ్యే ఈ గణిత సమస్యను 1999లోనే వివరించారు. ఉదాహరణకు, గమనించదగిన లక్ష పనులలో ఒకటే చెడ్డదనీ, కాపలా సాఫ్ట్‌వేర్ మంచి పనులలో నూటికి ఒకదానిని మాత్రమే తప్పుగా అనుమానిస్తుందనీ ఊహిస్తే, ఆ ఒక్క నిజమైన హెచ్చరిక దాదాపు వెయ్యి తప్పుడు హెచ్చరికల నడుమ వస్తుంది. నూటికి తొంభైతొమ్మిది సార్లు సరిగ్గా చెప్పే సాధనం వినడానికి గొప్పగా ఉంటుంది, కానీ వెయ్యిసార్లు అనవసరంగా అడిగి, వెయ్యిన్నొకటవసారి అవసరంగా అడిగే సాధనం ఇంట్లో నిలవదు. దానిని ఎవరో ఒకరు ఆపేస్తారు. మంచి చొరబాటు నిరోధమంటే ఎక్కువ పనులను అనుమానించేది అన్న అభిప్రాయం, ముఖ్యంగా కంప్యూటరు మీద మక్కువ ఉన్న యువకులలో, ఇప్పటికీ కనిపిస్తుంది. ఇంటి విషయంలో అది పొరపాటు. ఎంత తక్కువసార్లు అడిగితే, అడిగినప్పుడు జవాబు ఎంత తేలిగ్గా తెలిసేదైతే ఆ సాధనం అంత మంచిది.

అడగవలసిన అవసరాన్ని తగ్గించడానికి ఉన్న మార్గాలలో అన్నిటికంటే బలమైనది ఏ సాఫ్ట్‌వేరూ కొనకుండానే దొరుకుతుంది. విండోస్‌లో మొదట సృష్టించే ఖాతాకు సర్వాధికారాలూ ఉంటాయి, దానిని అడ్మినిస్ట్రేటర్ ఖాతా అంటారు. చాలా ఇళ్లలో పిల్లల ఆటలూ, పెద్దల బ్యాంకు పనులూ ఆ ఒక్క ఖాతాలోనే సాగిపోతాయి. దానిని పక్కన పెట్టి, రోజువారీ పనులకు పరిమిత అధికారాలున్న స్టాండర్డ్ ఖాతాను వాడితే, డ్రైవర్లను ఎక్కించడం, సిస్టమ్ ఫైళ్లను మార్చడం లాంటి పనులు పాస్‌వర్డు లేకుండా జరగవు. అప్పుడు ఇంట్లోవారికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే, అదీ ఎక్కువగా కొత్త సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడే. ఏమీ వేయని, ఏదీ మార్చని సమయంలో పాస్‌వర్డు అడిగే పెట్టె కనిపించిందంటే వద్దనడానికి కంప్యూటరు చదువు అక్కరలేదు.

రెండవది విండోస్‌లోనే నిద్రాణంగా ఉన్న రక్షణలను మేల్కొల్పడం. 2017 అక్టోబరులో విండోస్ 10తో వచ్చిన కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే ఏర్పాటు డాక్యుమెంట్లు, చిత్రాలు, వీడియోలు ఉండే ఫోల్డర్లలో గుర్తింపు లేని ప్రోగ్రాములేవీ రాయకుండా అడ్డుకుంటుంది. మామూలుగా ఇది ఆఫ్ చేసి ఉంటుంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, రాన్సమ్‌వేర్ రక్షణ అన్న భాగంలోకి వెళ్లి దీనిని ఆన్ చేయాలి, మైక్రోసాఫ్ట్ డిఫెండర్ యాంటీవైరస్ పనిచేస్తూ ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. ఇంట్లో పాతకాలపు పేజ్‌మేకర్‌లో పుస్తకాలు కూర్చేవారు ఉంటే, ఫైలు సేవ్ చేయబోయినప్పుడు అనుమతి లేదని రావచ్చు. అలా వచ్చినప్పుడు ఏర్పాటు మొత్తాన్ని ఆపివేయకుండా, అనుమతించిన ప్రోగ్రాముల జాబితాలో ఆ ఒక్క పేరును చేర్చడం సరైన పద్ధతి. జాబితాలో పేరు చేర్చడం ఒకసారి, తీరిగ్గా, తెలిసి చేసే నిర్ణయం. పని మధ్యలో ఊడిపడే పెట్టెకు చెప్పే జవాబుకు ఆ గుణం ఉండదు.

ఈ జాబితా ఆలోచననే చివరిదాకా తీసుకుపోతే, అనుమతి పొందిన ప్రోగ్రాములు తప్ప మరేవీ నడవని కంప్యూటరు వస్తుంది. మన దేశంలో ఈ దిశగా జరిగిన కృషిలో హైదరాబాదుకు గౌరవప్రదమైన స్థానం ఉంది. కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీడాక్ హైదరాబాదు కేంద్రం తయారుచేసిన యాప్‌సంవిద్ అనే సాధనం విండోస్ కంప్యూటర్లలో సరిగ్గా ఈ పనే చేసేందుకు ఉద్దేశించినది. పెన్‌డ్రైవుల వాడకాన్ని అదుపు చేసే యూఎస్‌బీ ప్రతిరోధ్ దానికి తోడు. 2017 ఫిబ్రవరిలో దేశంలోని కంప్యూటరు భద్రతా ఘటనలను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా వీటిని ప్రజలకు ఉచితంగా అందించారు. బ్యాంకు పనులు, బ్రౌజరు, ఒక టైపింగు ప్రోగ్రాము తప్ప మరేమీ అవసరం లేని పెద్దవారి కంప్యూటరుకు ఈ పద్ధతి అన్నిటికంటే బాగా నప్పుతుంది. కొత్త ఆటలు, కొత్త ప్రోగ్రాములు నిత్యం ప్రయత్నించే విద్యార్థి కంప్యూటరులో మాత్రం ఇది రెండు రోజులు కూడా నిలవదు.

విడిగా హిప్స్ ఉన్న సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నవారు నేర్చుకునే దశ అన్నదాని గురించి జాగ్రత్త పడాలి. ఈసెట్ వంటి సాఫ్ట్‌వేర్లలో, మొదట కొన్నాళ్లు ఏదీ ఆపకుండా జరిగే పనులన్నిటినీ గమనించి, వాటినే మంచివిగా రాసుకునే వెసులుబాటు ఉంది. ఈసెట్ దానిని గరిష్ఠంగా 14 రోజులకు పరిమితం చేసింది. ఆ దశ మొదలయ్యేనాటికే కంప్యూటరులో మాల్‌వేర్ ఉంటే దాని పనులు కూడా మంచివాటి పట్టికలో చేరిపోతాయి. విండోస్‌ను కొత్తగా వేసి, అవసరమైన ప్రోగ్రాములు వేసిన వెంటనే నేర్పడమే క్షేమం. ఒకే కంప్యూటరులో ఇలాంటి సాఫ్ట్‌వేర్లు రెండు పెడితే ఒకదాని పనిని మరొకటి అనుమానించి యంత్రం నడక కుంటుపడుతుందే తప్ప రక్షణ రెట్టింపు కాదు.

వీటన్నిటినీ వ్యర్థం చేసే అలవాటు ఒకటి మన ఇళ్లలోనూ, చిన్న డీటీపీ సెంటర్లలోనూ బలంగా ఉంది. డబ్బు పెట్టి కొనవలసిన సాఫ్ట్‌వేర్‌కు క్రాక్ అనే అడ్డదారి ఫైలును దించుకొని, దానితోపాటు వచ్చే సూచనల్లో మొదటిదైన యాంటీవైరస్‌ను ఆపివేయండి అన్న వాక్యాన్ని తు.చ. తప్పకుండా పాటించడం ఆ అలవాటు. క్రాక్ ఫైళ్లు అసలు ప్రోగ్రామును మార్చే పని చేస్తాయి కాబట్టి రక్షణ సాఫ్ట్‌వేర్ వాటిని అనుమానించడం సహజమేనని, అది ఉత్త తప్పుడు హెచ్చరిక అని ఆ సూచనల్లో రాసి ఉంటుంది, అందులో కొంత నిజం ఉండడమే దాని ప్రమాదం. స్టాప్ లేదా డీజేవీయూ అని పేరుపడి, ఇళ్ల కంప్యూటర్లను ఎక్కువగా పీడించిన రాన్సమ్‌వేర్ కుటుంబం ప్రధానంగా ఇలాంటి క్రాక్‌ల వెంటనే వ్యాపించింది. 2024 నుంచి ఇదే ఎత్తుగడ మరో రూపం దాల్చింది: ఒక వెబ్‌పేజీ మీరు మనిషేనని నిరూపించుకోండి అంటూ, విండోస్ మీటనూ ఆర్ మీటనూ కలిపి నొక్కి, వచ్చిన గడిలో పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టమంటుంది. అప్పటికే ఆ పేజీ పవర్‌షెల్ ఆదేశాన్ని క్లిప్‌బోర్డులో పెట్టి ఉంటుంది. ఇక్కడ చొరబడేవాడు తలుపు తట్టడు, ఇంటివారి చేతనే తీయిస్తాడు. ఏ నిజమైన వెబ్‌సైటూ మనిషినని నిరూపించుకోవడానికి ఆ గడిని తెరవమని అడగదన్న సంగతి పదో తరగతి పిల్లల నుంచి పింఛనుదారుల వరకు అందరికీ తెలియవలసి ఉంది.

ఈ రక్షణకు ఉన్న హద్దులను దాచిపెట్టడం కూడా తగదు. బ్రౌజరులో భద్రపరచిన పాస్‌వర్డులనూ, లాగిన్ గుర్తులనూ చదివి బయటికి పంపి వెంటనే తప్పుకునే దొంగ ప్రోగ్రాములు ఏ ఫైలునూ పాడు చేయవు, రిజిస్ట్రీలో పేరు రాసుకోవు. వాటి ప్రవర్తనలో అనుమానించదగినది చాలా తక్కువ. లోపమున్న పాత డ్రైవరును వెంట తెచ్చుకొని, దాని ద్వారా కర్నెల్‌లోకి దిగి, కాపలా సాఫ్ట్‌వేర్‌నే నిద్రపుచ్చే మాల్‌వేర్ కూడా ఉంది. విండోస్ 11లోని మెమరీ ఇంటెగ్రిటీ అమరిక దీనికి కొంత విరుగుడు. కర్నెల్ పక్కన ఉండడం కాపలాదారుకే ప్రమాదమైన సందర్భమూ లేకపోలేదు. 2024 జూలై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ తయారుచేసే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెరతో నిలిచిపోగా, హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వవలసివచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ ఇళ్ల కోసం కాక సంస్థల కోసం ఉద్దేశించినది గనుక ఇళ్లకు ఆ దెబ్బ తగలలేదు, కానీ అదే ఎత్తున కూర్చునే ఏ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నా దాని తయారీదారుల నాణ్యత మీద ఇంటివారు నమ్మకం ఉంచుతున్నట్టే.

నిరోధం ఎంత ఉన్నా, తెలిసిన లోపాన్ని పూడ్చకుండా వదిలేస్తే నిష్ప్రయోజనం. 2017 మే 12న విజృంభించిన వాన్నాక్రై రాన్సమ్‌వేర్ 150కి పైగా దేశాలకు పాకి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నిటికి కూడా తాళం వేసింది. అది వాడుకున్న లోపానికి విండోస్ ప్యాచ్ అంతకు రెండు నెలల ముందు, మార్చి 14ననే, వెలువడి ఉంది. బ్లాస్టర్ నాటి కథే పద్నాలుగేళ్ల తరువాత మళ్లీ జరిగింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందువల్ల, ఆ కంప్యూటర్లను ఇంకా వాడుతున్న ఇళ్లు పొడిగింపు అప్‌డేట్లకు నమోదు చేసుకోవడమో, విండోస్ 11కు మారడమో, యంత్రం అందుకు తగనిదైతే లైనక్స్ వంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకోవడమో చేయక తప్పదు. అవేవీ కుదరని పాత డీటీపీ యంత్రాన్ని ఇంటర్నెట్ నుంచి పూర్తిగా విడదీసి వాడుకోవచ్చు.

వీటికి తోడు ఫైళ్ల నకలు ఒకటి బయటి హార్డ్‌డిస్కులో ఉండాలి, నకలు తీయడం అయిన వెంటనే ఆ డిస్కును కంప్యూటరు నుంచి ఊడదీయాలి, ఎందుకంటే తగిలించి ఉంచిన డిస్కు రాన్సమ్‌వేర్‌కు మరొక ఫోల్డరు మాత్రమే. ఇంత చేసినా ఒకనాడు ఫైళ్ల పేర్లు మారిపోతూ కనిపిస్తే మొదట చేయవలసింది నెట్ కేబులు తీసివేయడం లేదా వైఫై ఆపడం. పాస్‌వర్డులను ఆ కంప్యూటరు నుంచి కాకుండా శుభ్రంగా ఉన్న మరొక ఫోను నుంచో, కంప్యూటరు నుంచో మార్చాలి, అందులోనూ ఈమెయిల్ పాస్‌వర్డును అన్నిటికంటే ముందు మార్చాలి, తక్కిన ఖాతాలన్నీ దాని ద్వారానే తిరిగి తెరుచుకుంటాయి కాబట్టి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ కేంద్రం 1930 నంబరుకు ఫోను చేయాలి. బ్యాంకుల మధ్య సొమ్ము చేతులు మారకముందే నిలిపివేయించే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. తాళం పడిన ఫైళ్లను కోపంతో చెరిపివేయకుండా, విండోస్‌ను కొత్తగా వేసేముందు ఒక డిస్కులోకి తీసి భద్రపరచాలి. నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, కొన్ని భద్రతా సంస్థలు కలిసి 2016 జూలైలో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ అనే ఉమ్మడి ప్రయత్నం, పట్టుబడిన ముఠాల దగ్గర దొరికిన తాళంచెవులనూ, పరిశోధకులు ఛేదించిన గూఢలిపులకు విరుగుడు ప్రోగ్రాములనూ ఉచితంగా అందిస్తున్నది, ఈనాడు తెరుచుకోని ఫైలు కొన్ని నెలల తరువాత తెరుచుకున్న సందర్భాలు ఉన్నాయి.